ఆలస్యంగా అందిన శుభవార్త



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఒక అక్కయ్య నన్ను గుమ్మం దగ్గర ఆపి అడిగింది. "అయ్యగారూ, మావాడు హ్యూస్టన్‌లో ఉంటాడు కదా, జూన్ 19న వాళ్ళకి సెలవంట. ఏం పండగరా అంటే 'జూన్‌టీన్త్ అమ్మా, బానిసల విడుదల పండగ' అన్నాడు. అది మన క్రైస్తవుల పండగేనా?"

అప్పటికి రెండు మాటలు చెప్పి పంపించాను కానీ, ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పండగ బైబిల్లో లేదు. అయినా దాన్ని మొదలుపెట్టినవాళ్ళు బైబిలు ఎరిగినవాళ్ళు. మొదటి ఏళ్ళలో వాళ్ళు దాన్ని సునాద దినమని పిలుచుకున్నారు. లేవీయకాండము 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరం మీకు తెలుసు. యాభై ఏళ్ళకొకసారి బూర ఊదుతారు, అమ్ముడుపోయినవాడు తన ఇంటికి, తన భూమికి తిరిగి వెళ్తాడు. ఆ అధ్యాయాన్ని మనసులో పెట్టుకుని ఈ చరిత్ర వినండి.

1865 జూన్ 19. అమెరికా దక్షిణాన, టెక్సస్ రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున గాల్వెస్టన్ అనే రేవు పట్టణం. గోర్డన్ గ్రాంజర్ అనే సేనాధిపతి తన సైన్యంతో అక్కడ దిగి ఒక ఉత్తర్వు వెలువరించాడు. దాని పేరు జనరల్ ఆర్డర్ నంబర్ 3. బానిసలందరూ స్వతంత్రులని అందులోని మొదటి మాట. ఆ రోజు టెక్సస్‌లో సుమారు రెండున్నర లక్షలమంది బానిసలుగా ఉన్నారు. పత్తి చేలలో, చెరకు తోటల్లో పనిచేస్తున్నారు. వాళ్ళ పిల్లలను సంతలో పశువుల్లా అమ్మేవారు.

అయితే వాళ్ళకు విడుదల ఆ రోజు పుట్టింది కాదు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ విమోచన ప్రకటన మీద సంతకం చేసింది 1863 జనవరి 1న. తిరుగుబాటు చేసిన రాష్ట్రాలలోని బానిసలంతా ఆ రోజునుంచి స్వతంత్రులని అందులో ఉంది. ఆ రాష్ట్రాలలో టెక్సస్ కూడా ఒకటి. అంటే రాజధానిలో సంతకమైన రెండున్నర సంవత్సరాలకు ఆ మాట గాల్వెస్టన్ చేరింది.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక రాత్రి గురించి చెప్పాలి. డిసెంబర్ 31 రాత్రి మనమందరం గుళ్ళో కూడుకుంటాం. పాటలు, సాక్ష్యాలు, పన్నెండు కాగానే మోకాళ్ళమీద ప్రార్థన. ఆ ఆరాధన వెస్లీ గారి కాలంనుంచే క్రైస్తవుల్లో ఉంది. అమెరికాలోని నల్లజాతి సంఘాలకు మాత్రం ఆ రాత్రికి ఇంకో అర్థం కూడా ఉంది. 1862 డిసెంబర్ 31 రాత్రి వాళ్ళు గుళ్ళలో కూర్చుని, తెల్లవారితే మనం మనుషులమని చట్టం ఒప్పుకుంటుందా అని కనిపెట్టారు. మర్నాడు బోస్టన్‌లో ట్రెమాంట్ టెంపుల్‌లో పెద్ద సభ. బానిసత్వంనుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ గారూ అందులో ఉన్నారు. టెలిగ్రాఫ్ తీగ మీద కబురు వస్తుందని పొద్దుటినుంచి చూశారు. సాయంత్రమైంది, రాత్రయింది. రాదేమో అనుకుంటుండగా కబురు వచ్చింది. ఇక ఆ జనం ఇళ్ళకు పోలేదు. అక్కడి సమయం అయిపోతే ఇంకో బాప్తిస్టు గుడికి వెళ్ళి తెల్లవార్లూ స్తుతించారు.

బోస్టన్‌కు రాత్రికి చేరిన కబురు టెక్సస్‌కు రెండున్నరేళ్ళదాకా ఎందుకు చేరలేదు? తీగలు లేక కాదు. టెక్సస్‌లోనూ పత్రికలున్నాయి, యజమానులకు చదువు వచ్చు. ప్రకటన సంగతి వాళ్ళు ఎరుగుదురు. బానిసల్లో కూడా కొందరి చెవిన పడకపోలేదు. కానీ దాన్ని అమలుచేసే సైన్యం అక్కడ లేదు. పైగా మిగతా రాష్ట్రాలలోకి సైన్యం వస్తున్నకొద్దీ యజమానులు తమ బానిసలను బళ్ళ వెంట నడిపించుకుంటూ టెక్సస్‌కు తరలించారు. విడుదల వెనకనుంచి వస్తుంటే అది అందనంత దూరానికి వాళ్ళను తోలుకుపోయారు! 1865 ఏప్రిల్ 9న దక్షిణాది ప్రధాన సైన్యం లొంగిపోయింది. అదే వారంలో లింకన్‌ను కాల్చి చంపారు. టెక్సస్‌లో చేలు అలాగే దున్నుతున్నారు. గ్రాంజర్ వచ్చి ప్రకటించాక కూడా, పంట చేతికొచ్చేవరకు ఆ మాట తమ పొలాల్లో చెప్పకుండా ఆపినవాళ్ళు ఉన్నారు.

పౌలు భక్తుడు రోమా పత్రిక 10వ అధ్యాయంలో అడిగిన ప్రశ్న ఇదే కదా. ప్రకటించేవాడు లేకపోతే వాళ్ళు ఎలా వింటారు? పంపబడకపోతే ఎవరు ప్రకటిస్తారు? ఈ వాక్యాన్ని మనం సువార్త కూటాలలో ఎన్నోసార్లు చదివాం. శుభవార్త తెలిసీ దాచిపెట్టినవాడి పాపం ఎంతటిదో గాల్వెస్టన్ కథ చదివాకే నాకు సరిగా అర్థమైంది.

ఇప్పుడు ఒక కష్టమైన మాట. దాచినవాళ్ళలో సంఘమూ ఉంది.

1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది. ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉన్న వెస్టిండీస్ దీవుల్లోని నల్లజాతి బానిసల కోసం ఏరిన బైబిలు భాగాలు అని దాని పేరులోనే ఉంది. మన చేతుల్లో ఉన్న బైబిలులో 1,189 అధ్యాయాలుంటే అందులో 232 మాత్రమే ఉన్నాయి. మోషే ఫరో ఎదుట నిలబడి నా జనులను పోనిమ్మని అడిగిన కథ లేదు. ఎర్రసముద్రం లేదు. కీర్తనలు మొత్తానికే లేవు. క్రీస్తులో దాసుడని స్వతంత్రుడని భేదం లేదని చెప్పే గలతీ 3:28 లేదు. ప్రకటన గ్రంథం లేదు. యోసేపు అమ్ముడుపోయి నమ్మకంగా సేవచేసిన కథ ఉంది. దాసులు యజమానులకు లోబడాలనే మాట ఉంది. వాక్యాన్ని మోసుకెళ్తున్నామనుకున్న చేతులే దానికి కత్తెర వేశాయి. బైబిలు చేతికి రాకుండా చేసినవాడికన్నా, విడుదల పేజీలు తీసేసి ఇచ్చినవాడు ఎక్కువ అపాయం చేశాడని నా అభిప్రాయం.

అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మరో దారి పట్టాయి. బానిసలకు చదువు నేర్పడమే నేరమని చట్టాలు చేశాయి. అయినా దేవుని మాట ఆగిందా? రాత్రిపూట అడవుల్లో, కాలువ గట్ల మీద దొంగతనంగా కూడుకుని ప్రార్థించారు. శబ్దం బయటికి పోకూడదని గుడిసె గుమ్మం దగ్గర పెద్ద కుండను బోర్లించి పెట్టేవాళ్ళమని విడుదలైనవాళ్ళు ముసలితనంలో చెప్పుకున్నారు. ఆ కూటాలలో ప్రాణం నిలబెట్టిన కథ ఏది? ఎవరో కత్తిరించి పారేసిన మోషే కథే.

ఈ చరిత్రలో మన పెద్దల ఊసూ ఉంది. అమెరికా బాప్తిస్టులు 1845లో రెండుగా చీలిపోయారు. బానిసలున్న యజమానిని మిషనరీగా పంపవచ్చా, లేదా అన్నదే తగాదా. పంపవచ్చన్న దక్షిణాదివారు వేరే సంస్థ పెట్టుకున్నారు. నూట యాభై ఏళ్ళ తరువాత, 1995లో, ఆ సంస్థే బానిసత్వాన్ని సమర్థించినందుకు బహిరంగంగా క్షమాపణ అడిగింది. పంపకూడదన్న ఉత్తరాదివారి సొసైటీయే మన నెల్లూరు మిషన్‌ను నడిపింది. ఒంటరి నక్షత్రమని మనం చెప్పుకునే ఆ మిషన్‌కు జాన్ క్లౌ దొరగారు వచ్చింది కూడా 1865లోనే. మర్నాటి ఏడు ఆయన ఒంగోలు చేరారు. ఎర్రగుంట్ల పేరయ్య గారి వెంట మాదిగలు గుంపులుగా వస్తుంటే, వీళ్ళను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు దొరగారికి చెప్పిన సంగతి, ఆయనా దొరసానిగారూ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం చదివి తేల్చుకున్న సంగతి మన తాతల నోట విన్నాం. లోకము నీచులనుకొన్నవారిని దేవుడు ఏర్పరచుకొన్నాడని ఉన్న పేజీ అది. ఆ పేజీకి వాళ్ళు కత్తెర వేయలేదు. అందుకే ఈ రోజు మీరూ నేనూ ఇక్కడ ఉన్నాం.

మళ్ళీ టెక్సస్‌కు వద్దాం. విడుదల అన్న మాట విన్నాక ఆ జనానికి ఏం దొరికింది?

గ్రాంజర్ ఉత్తర్వులో రెండు భాగాలున్నాయి. మొదటిది ఎంతో గొప్పది. పాత యజమానికీ పాత బానిసకూ హక్కులలో సంపూర్ణ సమానత్వం ఉంటుంది, ఇకమీదట వాళ్ళ సంబంధం పనిచ్చేవాడికీ కూలివాడికీ ఉండే సంబంధమే అన్నాడు. రెండోదాంట్లో, ఉన్నచోటే నెమ్మదిగా ఉండి కూలికి పనిచేసుకోండి, సైనిక శిబిరాల దగ్గర గుమికూడవద్దు, ఖాళీగా ఉంటే పోషించేది లేదు అన్నాడు. అంటే స్వేచ్ఛ ఇచ్చాడు, నిలబడడానికి సెంటు భూమి లేదు. అదే ఏడాది జనవరిలో షెర్మన్ అనే సేనాపతి తూర్పు తీరాన విడుదలైన కుటుంబాలకు నలభై ఎకరాల వరకు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు 40 వేలమంది ఆ భూముల్లో దిగి విత్తనాలు కూడా వేసుకున్నారు. లింకన్ తరువాత వచ్చిన అధ్యక్షుడు ఆ భూములను పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. దాసుని విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దు, నీ మందలోనుంచి, నీ కళ్లంలోనుంచి, నీ ద్రాక్షగానుగలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపమని దేవుడు ఆజ్ఞాపించాడు. విడుదల లెక్క దేవుని పుస్తకంలో అలా ఉంది.

వట్టి చేతులతో బయటికి వచ్చిన వాళ్ళలో జాక్ యేట్స్ గారు ఒకరు. వర్జీనియాలో పుట్టిన బానిస. భార్య యజమాని ఆమెనూ పిల్లలనూ టెక్సస్‌కు తీసుకుపోతుంటే, వాళ్ళను విడిచి ఉండలేక తానూ అక్కడికే వచ్చారు. విడుదలయ్యాక హ్యూస్టన్ చేరి పగలు బండి తోలి సరుకులు వేసేవారు, రాత్రులు వాక్యం చెప్పేవారు. ఆంటియోక్ బాప్తిస్టు సంఘానికి ఆయనే మొదటి కాపరి. జూన్ 19 వచ్చిందంటే పండగ చేసుకోవడానికి నల్లవారికి చోటు దొరికేది కాదు. అందుకని యేట్స్ గారూ మరికొందరు పెద్దలూ తమ సంఘాలనుంచి చందాలు పోగుచేసి 1872లో పది ఎకరాలు కొన్నారు. దానికి విమోచన ఉద్యానవనం, ఎమాన్సిపేషన్ పార్క్, అని పేరు పెట్టుకున్నారు. నిన్నటిదాకా తామే వస్తువుల్లా అమ్ముడుపోయినవాళ్ళు తమ పేర భూమి కొనుక్కున్నారు. గుడి స్థలం కోసం కోళ్ళు, బియ్యం, కూలి డబ్బులు తెచ్చి ఇచ్చిన మన పెద్దమ్మలకు ఆ సంతోషం ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు. ఆ పార్కు ఇప్పటికీ ఉంది. పండగనాడు ప్రకటన చదవడం, ప్రార్థన, పాటలు, కాల్చిన మాంసం, పుచ్చకాయ, ఎర్రని షర్బత్తు. ఎరుపు వాళ్ళు చిందించిన రక్తానికి గుర్తని చెప్పుకుంటారు.

1865 డిసెంబర్‌లో అమెరికా రాజ్యాంగానికి 13వ సవరణ ఆమోదం పొందింది. బానిసత్వం దేశమంతటా రద్దయింది. అయితే అందులో చిన్న సందు మిగిలింది. నేరానికి శిక్షగా తప్ప అని. ఆ సందులోనుంచి పాత పీడ మళ్ళీ లోపలికి వచ్చింది. పని లేకుండా తిరుగుతున్నాడని నల్లవాణ్ణి పట్టుకోవడం, శిక్ష వేయడం, ఖైదీని తోట యజమానికి అద్దెకు ఇవ్వడం. హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్ అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఊరి పేరులోని చక్కెర అక్కడి చెరకు తోటలనుంచి వచ్చిందే. ఆ తోటల్లో అద్దె ఖైదీలు మోకాలిలోతు బురదలో చెరకు నరికారు. 2018లో అక్కడ ఒక బడి కట్టడానికి నేల తవ్వుతుంటే 95 మంది ఎముకలు బయటపడ్డాయి. పేర్లు లేవు, గుర్తులు లేవు. వాళ్ళలో పద్నాలుగేళ్ళ ప్రాయపువాడు కూడా ఉన్నాడని పరీక్షించినవారు చెప్పారు. విడుదల ప్రకటించిన రాష్ట్రంలోనే, ప్రకటించిన తరువాతే, వాళ్ళు అలా చనిపోయారు.

ఓపల్ లీ గారి కథ చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తికాదు. ఆమె 1926లో టెక్సస్‌లో పుట్టారు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు తల్లిదండ్రులు ఫోర్ట్‌వర్త్‌లో తెల్లవారుండే వీధిలో ఇల్లు కొన్నారు. 1939 జూన్ 19న, సరిగ్గా పండగరోజున, వందలమంది మూక ఆ ఇంటి మీద పడి సామాను తగలబెట్టి ఇల్లు పాడుచేసింది. ఆ అమ్మాయి పెరిగి ఉపాధ్యాయురాలైంది. 2016లో, 89 ఏళ్ళ వయసులో, జూన్ 19ని దేశమంతా గుర్తించాలని ఫోర్ట్‌వర్త్‌నుంచి వాషింగ్టన్ వైపు నడక మొదలుపెట్టింది. నడిచిన ప్రతిచోటా రోజుకు రెండున్నర మైళ్ళు. కబురు అందక గడిచిన రెండున్నర ఏళ్ళకు గుర్తుగా. సువార్త మోసే పాదాల అందం గురించి పౌలు రాసిన చోట నాకు ఇప్పుడు ఆ ముసలమ్మ పాదాలే కనిపిస్తాయి. 2021 జూన్ 17న ఆ దినం జాతీయ సెలవుగా చట్టమైనప్పుడు 94 ఏళ్ళ ఓపల్ లీ గారు అధ్యక్షుని పక్కనే ఉన్నారు. 2024లో, తన చిన్నప్పుడు మూక పాడుచేసిన ఇంటి స్థలంలోనే కట్టిన కొత్త ఇంటి తాళాలు ఆమె చేతికి వచ్చాయి. ఎనభై అయిదేళ్ళకు!

సెలవు వచ్చింది కాబట్టి పోరాటం అయిపోయిందా? హ్యూస్టన్‌లో జాక్ యేట్స్ గారి పేరున ఒక హైస్కూలు ఉంది. అదే బడిలో చదివి, ఆ విమోచన పార్కు ఉన్న పేటలోనే పెరిగిన ఒక మనిషి 2020 మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయాడు. ఆయన పేరు జార్జ్ ఫ్లాయిడ్. ఒక కాపరి చందాలు వేసి భూమి కొన్న నాటినుంచి ఆ పేట బిడ్డ రోడ్డు మీద చనిపోయిన నాటివరకు దాదాపు నూట యాభై ఏళ్ళు. కాగితం మీద విడుదల ఎప్పుడో రాశారు. దాన్ని ప్రతి తరమూ మళ్ళీ మోయాల్సి వస్తోంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. 1946లో చేసిన చట్టం ప్రకారం ఏడాదికి మన దేశంనుంచి వందమందికే అక్కడ స్థిరపడే అనుమతి. 1965లో ఆ జాతి లెక్కలు తీసేశారు. పౌరహక్కుల కోసం నల్లజాతి క్రైస్తవులు గుళ్ళనుంచి వీధుల్లోకి నడిచి, దెబ్బలు తిని, జైళ్ళకు పోయిన కాలంలో, వాళ్ళ పోరాటం ఆ దేశం మనసు కదిలించబట్టే ఆ తలుపు తెరుచుకుంది. మీరు నడుస్తున్న దారి వాళ్ళు వేసింది. జూన్ 19న సెలవు దొరికిందని నిద్రపోకండి. దగ్గర్లో నల్లజాతి సంఘం ఉంటే వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. వినండి.

ఇక ఇక్కడున్న మనకు. జాతి వేరు, కులం వేరు. వాళ్ళ చరిత్ర వాళ్ళది, దాన్ని మనది చేసుకోను. కానీ కత్తెర సంగతి మాత్రం మనదీ. ఈ గుళ్ళో రెండు పేటల వాళ్ళం ఒకే చాప మీద కూర్చుంటాం, ఒకే రొట్టె విరుస్తాం. చనిపోయాక మాత్రం మన సమాధుల మధ్య ముళ్ళకంచె ఉంది. ఈస్టర్ తెల్లవారుజామున కంచెకు ఇటు కొందరం, అటు కొందరం నిలబడి ఒకే పునరుత్థానం పాట పాడతాం. గలతీ 3:28 మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. కంచె గురించి ఒక్క మాట అనలేదు. పెద్దలు నొచ్చుకుంటారని, కానుకలు తగ్గుతాయని భయపడ్డాను. పుస్తకంలో పేజీ ఉంచి, నోట్లో కత్తిరించాను. ఆ తప్పు నాది. మీ అందరి ముందు ఒప్పుకుంటున్నాను.

వచ్చే సంఘ కమిటీలో ఆ కంచె తీసే మాట నేనే ఎత్తుతాను. ఫిలేమోనుకు పౌలు రాసిన ఉత్తరం ఆ రోజు చదువుదాం. ఒక్క అధ్యాయమే. ఒనేసిమును ఇక దాసునిగా కాక, ప్రియమైన సహోదరునిగా చేర్చుకోమని అడుగుతాడు పౌలు. ఆ ఉత్తరాన్ని మోసుకుని యజమాని గుమ్మం దాకా నడిచిన పాదాలు ఒనేసిమువి కూడా.

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, ఐగుప్తులో నీ జనుల మొర విన్నవాడవు నీవు. పేర్లు లేకుండా పాతిపెట్టబడిన వారి పేర్లు నీకు తెలుసు. మాకు అందిన శుభవార్తను మా భయం చేత, మా లాభం చేత ఆపిన దినాలను క్షమించు. ఈ రోజే దాన్ని మోసే పాదాలు మాకు దయచేయుమని యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.